మిర్చి బండికి అదనపు కమాన్ పట్టీ వేయిస్తున్నారా?

మిర్చి సీజన్ వస్తే గుంటూరు యార్డు దారిలో టిక్కీలు ఎత్తిన టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కులు బారులు తీరతాయి. లోడుకు వెనక భాగం కుంగుతోందని కమాన్ కట్టలో మరో పట్టీ వేయిస్తుంటారు. బండి పైకి లేస్తుంది, నిజమే. కానీ యాక్సిల్, టైర్లు, బ్రేకులు పాతవేగా! మోసే శక్తి ఏమీ పెరగలేదు.

అసలు చిక్కు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు. తక్కువ బరువుకు అంత గట్టి కట్ట వంగదు. గుంత తగిలితే చక్రమే ఎగురుతుంది, రోడ్డు వదిలిన చక్రానికి బ్రేకు పనిచేయదు. పట్టీ మందం రెట్టింపైతే దాని గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది, అందుకే చేతికి దొరికిన పట్టీ బిగించేయకూడదు. పొద్దున్నే అదే బండిలో కోతకు కూలీలను ఎక్కిస్తారు (సరుకు బండిలో అది చట్టప్రకారం తప్పే). ఆ కుదుపంతా ఆడవాళ్ల నడుముల మీదే.

ముందు ఉన్న కట్ట చూపించండి. పట్టీ విరిగినా, సాగినా కంపెనీ కొలతదే వేయించాలి. అప్పటికీ కుంగితే లోడు ఎక్కువైనట్టే. ఆర్సీలో లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి. 750 కిలోలు తేలితే, డ్రైవర్‌ను కూడా లెక్కేస్తే 45 కిలోల టిక్కీలు 15 దాటవు. రెండో ట్రిప్పు డీజిల్‌ను పట్టీ ఖరీదుతో కాదు, టైర్లు, బేరింగుల బిల్లుతో పోల్చి చూసుకోవాలి.