గురి పిస్టల్‌దా... చేతిదా?

యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలకో, ఊళ్లో జాతరకో వెళ్లినప్పుడు బెలూన్ల దుకాణం కనిపిస్తే పిల్లల కాళ్లు ముందుకు సాగవు. అట్టకు వరుసగా కట్టిన బెలూన్లు, చేతికో ఎయిర్ గన్... నాలుగు పేలితే చాలు, ఇంటికెళ్లేదాకా అదే కబురు. కొందరిలో ఆ సరదా అక్కడితో ఆగదు. టీవీలో ఒలింపిక్స్ చూశాక 'నాకూ పిస్టల్ కొనివ్వండి' అని మొదలుపెడతారు. అమ్మానాన్నలకు చిక్కొచ్చిపడేది అప్పుడే. విదేశీ మ్యాచ్ పిస్టళ్లు లక్షల్లో ఉంటాయి. మన దేశంలో తయారైన ప్రారంభ స్థాయివి వేలల్లోనే దొరుకుతాయి. చవకది కొంటే డబ్బు దండగవుతుందేమో! ఖరీదైనది కొన్నాక నాలుగు నెలలకే మానేస్తేనో?

ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. షూటింగ్ రేంజ్‌లో ఓ గంట గడిపితే దొరుకుతుంది.

పది అంటే ఎంత?

ఎయిర్ పిస్టల్ పోటీలో టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంటుంది. నడిమధ్యలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే చిటికెన వేలి గోరంత! దాని చుట్టూ ఏడో వలయం దాకా నల్లగా కనిపించే భాగం 59.5 మిల్లీమీటర్లు. పిస్టల్‌ని ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆ నల్లటి భాగం దాటిపోకుండా కొట్టడమే గొప్ప.

ఓ చిన్న లెక్క చూడండి. పిస్టల్ వెనకా ముందూ ఉండే రెండు సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. గురి చూసేటప్పుడు ఆ రెండింటి వరస ఒక్క మిల్లీమీటరు తప్పితే, టార్గెట్ దగ్గర పెల్లెట్ 31 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. ఇది చేతి తప్పు. లక్షలు పోసి కొన్న పిస్టల్ కూడా దీన్ని దిద్దలేదు.

ముందు పిస్టల్‌కి పరీక్ష

అలాగని ఏది పడితే అది కొనేయకూడదు. పిస్టల్ తప్పెంతో, చేతి తప్పెంతో విడదీసి చూడాలి. అందుకు ఓ తేలికైన పద్ధతి ఉంది. అనుభవమున్న షూటర్‌తో, పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, కాగితం టార్గెట్ మీద అయిదు షాట్లు కొట్టించండి. అయిదు రంధ్రాలూ పది వలయంలో సర్దుకుంటే బ్యారెల్ గురించి బెంగ అక్కర్లేదు. చెల్లాచెదురుగా పడితే వెంటనే తిరస్కరించకుండా మరో రకం పెల్లెట్లతో ఇంకోసారి చూడండి. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో రకం నప్పుతుంది.

తర్వాత సైట్ సంగతి. వెనక సైట్ మరను పది క్లిక్కులు కుడికి తిప్పి కొట్టాలి, మళ్లీ పది క్లిక్కులు ఎడమకు తిప్పి కొట్టాలి. పెల్లెట్ మొదటి చోటుకే రావాలి. రాలేదంటే మర వదులుగా ఉన్నట్టే.

గాలి సిలిండర్‌తో పనిచేసే రకమైతే ఏకబిగిన 60 షాట్లు కొట్టి చూడాలి. చివరికొచ్చేసరికి రంధ్రాలు పైకీ కిందికీ సాగుతుంటే పీడనం నిలకడగా లేదని అర్థం. ప్రతి షాట్‌కీ లివర్‌తో గాలి కొట్టుకునే రకంలో ఆ సమస్య తక్కువే కానీ, 60 సార్లు కొట్టేసరికి పిల్లల చెయ్యి లాగేస్తుంది. స్ప్రింగ్‌తో పనిచేసే చవక రకాలు పేల్చగానే కుదుపునిస్తాయి. పోటీలకు సిద్ధమయ్యేవాళ్లకు అవి అంతగా నప్పవు.

గుట్ట నుంచి గచ్చిబౌలి

ఎక్కువమంది పట్టించుకోనిది మరొకటుంది. అదే ట్రిగ్గర్. పోటీ నిబంధనల ప్రకారం దాని బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. ట్రిగ్గర్‌కి అరకిలో తూకపు రాయిని వేలాడదీసి పిస్టల్‌ని పైకెత్తితే పేలకూడదు. లాగేటప్పుడు గరగరలాడకుండా, ప్రతిసారీ ఒకే చోట తెగాలి. చెక్క పిడి అరచేతికి అతికినట్టుండాలి. కిలో దాకా బరువుండే పిస్టల్‌ని చెయ్యి చాచి అర నిమిషం పట్టుకుంటే మణికట్టు మెలిక పడకూడదు.

గుట్ట పిల్లలకు ఈ రెండూ మరీ ముఖ్యం. ఎందుకంటే గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్లాలంటే ఉప్పల్ దాకా బస్సు, అక్కణ్నుంచి రాయదుర్గం దాకా మెట్రో, మళ్లీ ఆటో. రానూపోనూ సగం రోజు గడిచిపోతుంది. వారానికి ఒకసారి వెళ్లగలిగితే అదే ఎక్కువ. మిగతా ఆరు రోజులూ ఇంట్లో పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనే దిక్కు. దాన్నే డ్రై ఫైర్ అంటారు. దానికి ప్రత్యేక ఏర్పాటు ఉన్న పిస్టల్ కొనాలి. అది లేని స్ప్రింగ్ రకాలను ఖాళీగా పేలిస్తే లోపలి సీళ్లు పాడవుతాయి.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కీ మొదట్లో దూరమే సమస్య. రేంజ్ ఇంటికి దూరం కావడంతో వాళ్ల నాన్న ఇంట్లోనే కాగితం టార్గెట్లతో చిన్న రేంజ్ ఏర్పాటు చేశారు. 2018లో 13 ఏళ్లకే ఆమె మను బాకర్, హీనా సిద్ధూలను దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

ఖరీదైనదీ మొరాయిస్తుంది

ధర ఎక్కువైతే భరోసా ఎక్కువనుకోవడమూ పొరపాటే. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయింగ్ మధ్యలో మను బాకర్ పిస్టల్ మొరాయించింది. విలువైన నిమిషాలెన్నో పోయాయి. 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగి, రెండే పాయింట్ల తేడాతో ఫైనల్‌కి దూరమైంది. అదే మను 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలుచుకుంది. కాబట్టి చవకదైనా ఖరీదైనదైనా, విడిభాగాలు దొరుకుతాయా, మరమ్మతు చేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా అని ముందే కనుక్కోవాలి.

ఆటబొమ్మ కాదు

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరుతో, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు పత్రం చూపించాలి. మ్యాచ్ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ల దాకానే అయినా కన్ను పోగొట్టడానికి అది చాలు. పిట్టల మీదికి గురిపెడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. ఇంట్లో సాధన చేసే గదిలో పెల్లెట్ల డబ్బా ఉండనే కూడదు. పిస్టల్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోవాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక, ముట్టుకున్నాక చేతులు కడుక్కునే ఏదైనా తినాలి.

ఇంతకీ కొనాలా, వద్దా? మొదటి రెండు మూడు నెలలు రేంజ్‌లో ఉండే పిస్టల్‌తోనే నేర్చుకోనివ్వండి. ఉత్సాహం తగ్గకుండా, రంధ్రాలు నల్లటి భాగంలోకి చేరుతుంటే అప్పుడు పరీక్షలన్నీ నెగ్గిన చవక పిస్టల్ తీసుకోండి. పిల్లల చెయ్యి పిస్టల్‌ని మించిపోయిన రోజున లక్షల సంగతి ఆలోచించొచ్చు. ఈలోపు మిగిలిన డబ్బుని పెల్లెట్లకూ, బస్ పాసుకీ ఖర్చుపెడితే గురి దానంతటదే కుదురుతుంది!