ఒరిజినల్ విల్లీస్ జీపా, రెప్లికానా? కొనేముందు ఇవి చూడండి

మన సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంట్ ఉంది కదా. ఆ కంపెనీ జీపుల కథ కిట్లతోనే మొదలైంది. 1940ల చివర్లో విల్లీస్ నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేవాళ్లు. అందుకే పాత మహీంద్రా ఛాసిస్ మీద కొత్త బాడీ కట్టి, ‘వరల్డ్ వార్ జీపు’ అని అమ్మేయడం ఈజీ.

ఫస్ట్ గ్రిల్. 1942 నుంచి మిలిటరీ జీపులకి 9 స్లాట్లు, 1945లో వచ్చిన సివిలియన్ మోడల్‌కి 7. కానీ దీన్నే నమ్మొద్దు. రేకు పని తెలిసినవాళ్లు ఏ గ్రిల్ అయినా చేసిచ్చేస్తారు.

నెక్స్ట్ బానెట్ ఎత్తండి. మిలిటరీ జీపులో హెడ్‌లైట్‌ని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజిన్ మీద పడుతుంది. ఇంజిన్ 2.2 లీటర్ల పెట్రోల్. డీజిల్ కనిపిస్తే, మార్చేశారన్నమాట.

అసలు గుట్టు కింద ఉంటుంది. యుద్ధంలో అదే డిజైన్‌తో ఫోర్డ్ కూడా జీపులు చేసింది. రేడియేటర్ కింద ఛాసిస్‌కి అడ్డంగా గుండ్రటి పైపు ఉంటే విల్లీస్. తిరగేసిన ‘యు’ ఆకారం ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల మీద ‘ఎఫ్’ అని కూడా ఉంటుంది.

చివరగా, ఆర్సీలో ఛాసిస్ నంబర్, బండి మీది నంబర్ కలవకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. రెప్లికా కొనడం తప్పు కాదు ఫ్రెండ్స్, ఒరిజినల్ రేటుకి కొనడమే తప్పు.