బురద సైకిలుకి ఏ సబ్బు మంచిది?

చిన్నా, కొండదారుల్లో తొక్కే గేర్ల సైకిలు కొనుక్కున్నావు, సంతోషం. వానలో తొక్కి ఒళ్లంతా బురద పూసుకొచ్చాక దాన్ని దేంతో కడగాలి తాతయ్యా అని అడిగావు. సైకిళ్ల షాపుకెళ్తే రంగురంగుల ద్రవాలు చూపిస్తారు. ఇంట్లోనేమో బట్టల పౌడరుంది, గిన్నెల లిక్విడుంది, బాత్రూములో యాసిడుంది. వీటిలో దేన్ని తీసుకోవాలన్నది సీసాను చూసి తేలదురా. అంటుకున్న మురికి ఏమిటి, అది ఏ లోహం మీద ఉంది, ముందు ఈ రెండూ చూడాలి.

బురద సంగతి తేలిక. అందులో ఉన్నది మన్ను, ఇసుక, నీళ్లు. జిడ్డు లేదు కాబట్టి సబ్బుతో పెద్దగా పని లేదు. మన నల్లరేగడి మాత్రం మొండిది. దాని బంకమన్ను రేణువులు పొరలు పొరలుగా ఉండి, ఆ పొరల మధ్యకి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఆరాక బిగుసుకుపోతాయి. ఎండిన రేగడిని గుడ్డపెట్టి రుద్దావంటే రంగు మీద గీతలు పడతాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కుకన్నా గట్టిది మరి! నీళ్లు చల్లి కాసేపు వదిలేయ్. మళ్లీ నీరు పీల్చుకుని అదే మెత్తబడుతుంది. అప్పుడు మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి కడుగు.

అసలు చిక్కు జిడ్డుతో. చైనుకు పూసిన నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. నూనే ఇసుకా కలిసిన ఆ నల్లటి ముద్ద, గంధపుచెక్కను సాన అరగదీసినట్టు గేరు పళ్లను అరగదీస్తుంది. వట్టి నీళ్లకు అది కదలదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండి నూనెను తమలో కలవనివ్వవు. సబ్బు అణువుకు రెండు కొసలు. ఒక కొస నీటితో కలుస్తుంది, రెండోది నూనెతో కలుస్తుంది. నూనెతో కలిసే కొసలన్నీ జిడ్డు చుక్కలోకి గుచ్చుకుంటాయి, నీటితో కలిసేవి బయట మిగులుతాయి. దాంతో ఆ చుక్క లోహాన్ని వదిలి నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది. నాయనమ్మ తలంటుకి నానేసే కుంకుడుకాయల్లో సపోనిన్ చేసే పనీ ఇదే. నురగ ఎంత వచ్చిందన్నదానికి, జిడ్డు ఎంత పోయిందన్నదానికి సంబంధం లేదు సుమా.

అలాగని జిడ్డు వదిలించేవన్నీ సైకిలుకి పనికిరావు. ఇక్కడ కాస్త శ్రద్ధగా విను. ఇప్పటి గేర్ల సైకిళ్లలో చాలావాటి ఫ్రేము అల్యూమినియం మిశ్రమ లోహం. అల్యూమినియం గాలి తగలగానే తన మీద ఒక ఆక్సైడు పొర కప్పుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే అయినా లోపలి లోహాన్ని కాపాడేది అదే. ఆ పొర ఆమ్లంలో కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచొద్దని నాయనమ్మ చెప్పేది అందుకే. అదే గిన్నెను చాకలిసోడా వేసి తోమితే నల్లబడేదీ అందుకే.

ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పిహెచ్. 1909లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రవేశపెట్టాడు. 7 దగ్గర ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. అక్కణ్ణుంచి ఒక్కో అంకె దాటితే పదింతలు. అల్యూమినియం పొర సుమారు 4 నుంచి 8.5 దాకా నిలకడగా ఉంటుంది. బట్టల పౌడరు కలిపిన నీళ్లు మామూలుగా 10 దాకా పోతాయి, అంటే 7తో పోలిస్తే క్షారగుణం వెయ్యింతలు. రంగు చెక్కుకుపోయిన చోట, బోల్టుల అంచుల దగ్గర అది లోహాన్ని తినేస్తుంది. బాత్రూము యాసిడ్ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, దాన్ని సైకిలు ఛాయలకే రానివ్వకు.

చైనుకైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. అది గట్టిపరచిన ఉక్కు. ఆమ్లం తగిలినప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేయగలదు. పైకి తళతళలాడుతూనే ఉంటుంది, ఎత్తెక్కేటప్పుడు బలంగా తొక్కితే తెగుతుంది. తుప్పు వదిలించే ద్రవాల్లాంటి ఆమ్లాలు, క్షారాలు చైనుకు వాడొద్దు, తెగి గాయాలవుతాయని షిమానో కంపెనీ తన సూచనల పుస్తకాల్లోనే హెచ్చరించింది.

అందుకని ఫ్రేముకు, చక్రాలకు నా ఓటు గిన్నెలు తోమే లిక్విడ్‌కే. 7కి దగ్గరున్నది చూసి కొను. బకెట్టు నీళ్లకి ఒక చెంచా చాలు. కొన్నింటిలో చిక్కదనం కోసం ఉప్పు కలుపుతారు గనక చివర్లో మంచినీళ్లతో బాగా కడిగి తుడువు. అంట్లు తోమే బిళ్ల వద్దు, అందులో గరుకు పొడి ఉంటుంది. ఒంటిసబ్బూ వద్దు. మన బోరునీళ్లలో ఉండే కాల్షియంతో కలిసి అది తెల్లటి తెట్టు కడుతుంది.

చైనుకు ఆ లిక్విడ్ సరిపోకపోతే నారింజ తొక్కల నుంచి తీసే లిమొనీన్ ఉన్న డిగ్రీజరు మంచిది. లేదంటే గుడ్డకు కాస్త కిరసనాయిలు అద్ది తుడువు, టైర్లకు మాత్రం తగలనివ్వకు. పెట్రోలు మాట తలపెట్టొద్దు, దాని ఆవిరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. డబ్ల్యూడీ-40 గురించి కూడా అడిగావు కదూ? అమెరికాలోని శాన్ డియాగోలో 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీది తేమను తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి. తడి చైనులో నీళ్లను తోలడానికి పనికొస్తుంది, చైను నూనెలా నిలిచి ఉండదు. కాబట్టి కడిగి ఆరాక చైను నూనె వేయాల్సిందే.

వాటర్ సర్వీసింగు షాపులో బైకులు కడిగే గన్నుతో మాత్రం కొట్టించకు. ఆ ఒత్తిడికి నీళ్లు బేరింగుల సీళ్లు దాటి లోపలి గ్రీజును కడిగేస్తాయి. గ్రీజు విలువ తెలియాలంటే ఈ సైకిళ్లు పుట్టిన చోటికే వెళ్లాలి. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండదారిలో కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో పందేలు మొదలుపెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ దిగుడులో కాగిపోయి హబ్బులోని గ్రీజు పొగైపోయేది. కిందికొచ్చాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరుకునేవాళ్లు.

డిస్కు బ్రేకు దగ్గరికి నూనెనీ డిగ్రీజరునీ వేలినీ పోనివ్వకు. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే బ్రేకు పట్టు తప్పుతుంది. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడువు, చాలు.

చివరగా ఒక్కటి అడుగుతాను, కాదనకు. చైను కడిగిన కిరసనాయిలును మొక్కల్లోనో బోరు పక్కనో పారబోయకు. డబ్బాలో పట్టి ఉంచి, మెకానిక్కు దగ్గర పాత ఇంజను ఆయిలు పోసే డబ్బాలో పోయించు.