కారు లోపలి లెదర్‌కు కొత్త తొడుగు: అపోహలు – వాస్తవాలు

కారు లోపల లెదర్ అన్నిచోట్లా ఒకేలా అరగదు. స్టీరింగ్ పైభాగం అరచేతి చెమటకు, ఎండకు ముందు నున్నబడి, ఆ తర్వాత రంగు పోతుంది. మన దేశంలో డ్రైవరు కుడివైపు నుంచి ఎక్కి దిగుతాడు కాబట్టి అతని సీటు కుడి అంచు మిగతా సీటు కన్నా చాలా ముందే చిరుగుతుంది. గేర్ రాడ్ చుట్టూ ఉండే తొడుగు మడతల దగ్గర పగులుతుంది, ఆర్మ్‌రెస్ట్ మోచెయ్యి ఆనేచోట పోతుంది. వీటిని విప్పి, కొత్త లెదర్ కోసి, చేత్తో కుట్టి మళ్లీ తొడగడం కుషన్ దుకాణాల్లో జరిగే పనే. ఓపిక ఉంటే ఇంట్లోనూ చేసుకోవచ్చు. అయితే ఈ పని చుట్టూ పేరుకున్న నమ్మకాల్లో చాలావరకు డబ్బు దండగ చేసేవి, ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది.

అపోహ: లెదర్ సీట్లంటే సీటంతా తోలే

చాలా కార్లలో వీపు, తొడలు ఆనే భాగాలకే అసలు తోలు వేస్తారు. సీటు పక్కలు, వెనకవైపు వినైల్‌తోనో, పాలీయురిథేన్ పూత పూసిన గుడ్డతోనో సరిపెడతారు. వాడుకలో రెగ్జిన్, లెదరెట్ అనేవి ఇవే. పైన ఒకే అచ్చు కొట్టి ఉంటుంది కాబట్టి చూపుకు తేడా తెలియదు. మార్చబోయే ముక్క అంచు విప్పి వెనక్కి తిప్పి చూడాలి. పొట్టి పీచు నూగులా కనిపిస్తే తోలు, నేత గానీ అల్లిక గానీ కనిపిస్తే గుడ్డ. నీటిచుక్క వేసి చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు, పూత ఉన్న అసలు తోలు కూడా నీటిని వెంటనే పీల్చదు. అగ్గిపుల్ల పరీక్ష మరీ తెలివితక్కువ పని. అసలు తోలు మీది పూత కూడా కాలితే ప్లాస్టిక్ కంపే కొడుతుంది, చివరికి సీటుకు బొక్క మిగులుతుంది.

ఖరీదైన కార్ల స్టీరింగ్‌కు వేసే మెత్తటి ఆల్కాంటరాను కూడా తోలు అనే అనుకుంటారు. అది పాలియెస్టర్, పాలీయురిథేన్ కలిపి చేసే కృత్రిమ వస్త్రం. 1970లో జపాన్ కంపెనీ టోరేలో రూపుదిద్దుకుంది, ఇటలీలో తయారవుతుంది.

అపోహ: పొట్టు లేస్తోందంటే తోలు ఎండిపోయింది, నూనె పట్టిస్తే సరి

రేకులు రేకులుగా రాలేది చాలాసార్లు తోలే కాదు. గాలిలోని తేమ, వేడి కలిసి పాలీయురిథేన్ పూతను ఏళ్ల తరబడి లోలోపల విడగొడతాయి. పూత గుడ్డను వదిలి పైకి లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల ఉక్క దీనికి బాగా అనువు. అక్కడిదాకా వచ్చాక ఏ క్రీమూ దాన్ని అతికించలేదు, ముక్క మార్చాల్సిందే. వినైల్ తీరు వేరు. దాన్ని మెత్తగా ఉంచే రసాయనాలు ఎండకు మెల్లగా ఆవిరైపోయి అది బిగుసుకుంటుంది, ఆ తర్వాత పగులుతుంది. ముందు అద్దం లోపలివైపు పట్టే జిడ్డులో కొంత భాగం అలా ఆవిరైనదే.

నూనె నమ్మకం గుర్రపు జీనులు, పూతలేని చెప్పుల కాలం నాటిది. కారు తోలు మీద రంగు పొర, దాని పైన పారదర్శకమైన పాలీయురిథేన్ పొర ఉంటాయి. కొబ్బరినూనె పూస్తే చాలావరకు పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. పగుళ్లలోంచి దిగిన కాస్త నూనె ఇంకో చిక్కు తెస్తుంది. తర్వాత అక్కడ రంగు నిలవదు, జిగురు పట్టదు.

రంగు మాత్రమే పోయి కింద తోలు చెక్కుచెదరకుండా ఉంటే తొడుగు మార్చే పనే లేదు. శుభ్రంగా తుడిచి లెదర్ రంగు వేస్తే చాలు. సన్నని పగుళ్లను ఫిల్లర్‌తో పూడ్చవచ్చు. పీచు తెగి చిరిగినప్పుడు, కుట్టు దగ్గర తోలు కోసుకుపోయినప్పుడు మాత్రమే కొత్త ముక్క అవసరం. ఈ తేడా చూడకుండా సీటంతా విప్పించుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: మంచి లెదర్ ఏదైనా కారుకు సరిపోతుంది

అమెరికాలోని అరిజోనాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్లను కొలిచారు. సగటున డాష్‌బోర్డు 69 డిగ్రీల సెల్సియస్‌కు, స్టీరింగ్ 53 డిగ్రీలకు, సీట్లు 51 డిగ్రీలకు చేరాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం నిలిపిన కారుకు ఈ అంకెలు పరాయివేమీ కావు.

ఈ వేడిని అన్ని తోళ్లూ ఒకేలా తట్టుకోవు. నీటిలో వేడిచేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర తోలు ముడుచుకుంటుందో చూసే పరీక్ష ఒకటుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు 70–85 డిగ్రీల దగ్గర ముడుచుకుంటే, క్రోమియం లవణాలతో పదును చేసినది 100 డిగ్రీలదాకా నిలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు రెండూ ఇంకొంత తట్టుకుంటాయి గానీ తేడా మాత్రం ఉండనే ఉంటుంది. బెరడు తోలు ఎండకు రంగు ముదురుతుంది, బిగుసుకుంటుంది కూడా. ఒకప్పటి మద్రాసు రాష్ట్రం నుంచి తంగేడు బెరడుతో పదును చేసిన తోళ్లు ఈస్ట్ ఇండియా తోళ్ల పేరుతో విదేశాలకు వెళ్లేవి, వాటికి గొప్ప గిరాకీ ఉండేది. అంతమాత్రాన తెలంగాణ రాష్ట్ర పుష్పం పూసే ఆ చెట్టు బెరడుతో పదును చేసిన తోలు స్టీరింగ్‌కు నప్పుతుందని కాదు. బెరడు తోలే సహజం, అదే మేలు అనే మాట బెల్టుకు, సంచికి చెల్లుతుంది. ఎండలో నిలిచే కారుకు క్రోమ్ తోలో, కార్ల కోసమే క్రోమియం లేకుండా తయారుచేసిన తోలో కావాలి.

మందం మరో సంగతి. కారు లెదర్ సుమారు 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది. జాకెట్ల లెదర్ అంతకన్నా పల్చన, సీటుకు వేస్తే సాగి వదులవుతుంది. బెల్టు లెదర్ స్టీరింగ్ వంపు తిరగదు. మంటలు పాకే వేగానికి కూడా కారు సామగ్రికి హద్దు ఉంది. అమెరికా ప్రమాణం ప్రకారం అది నిమిషానికి 102 మిల్లీమీటర్లు దాటకూడదు. సోఫాల కోసం అమ్మే సరుకుకు ఆ పరీక్ష జరిగి ఉంటుందని అనుకోలేం.

అపోహ: పాత ముక్కను పెట్టి గీసుకుంటే కొలత వచ్చినట్టే

పాత ముక్క ఏళ్ల తరబడి సాగి ఉంటుంది. దాన్నే గీసి కోస్తే కొత్త తొడుగు మొదటిరోజు నుంచే వదులు. గేర్ తొడుగుకు, ఆర్మ్‌రెస్ట్‌కు కొద్దిపాటి సవరణతో నడిచిపోతుంది, స్టీరింగ్ మాత్రం క్షమించదు.

37 సెంటీమీటర్ల వ్యాసం, 3 సెంటీమీటర్ల మందం ఉన్న స్టీరింగ్‌ను తీసుకుంటే బయటి చుట్టుకొలత 116 సెంటీమీటర్లు, లోపలి చుట్టుకొలత 97. కుట్టు వచ్చేది లోపలివైపు. అంటే ఒకే పట్టీ మధ్యభాగం బయట 116 సెంటీమీటర్ల దారిన సాగాలి, దాని అంచులు లోపల 97లోకి ఒదగాలి. 19 సెంటీమీటర్ల తేడాను తోలు పీచు తనలో ఇముడ్చుకోవాలి. లెదరెట్ వేసిన స్టీరింగ్‌కు కుట్టు దగ్గర చిన్న చిన్న ముడతలు రావడానికి కారణం ఇదే. గుడ్డ దన్ను ఉన్న సరుకు సాగినంతగా ముడుచుకోలేదు.

అందుకే పాత తొడుగు తీసేశాక స్టీరింగ్ మీదే కొలత తీస్తారు. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ను చుట్టి, దానిమీద మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటిస్తారు. కుట్టు వచ్చే చోట పెన్నుతో గీత గీసి, గీతకు అటూ ఇటూ నాలుగైదు సెంటీమీటర్లకొక అడ్డగుర్తు పెడతారు. గీత వెంట కట్టర్‌తో కోసి విప్పితే టేపు తొడుగు అలాగే ఊడివస్తుంది. దాన్ని అట్టమీద పరిచి, తోలు సాగేదాన్ని బట్టి వెడల్పులో కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తారు. ఎంత తగ్గించాలో ఆ తోలు తునకనే లాగి చూసి నిర్ణయించాలి తప్ప అందరికీ పనికొచ్చే అంకె లేదు. అడ్డగుర్తులను తోలు వెనక దించుకోవడం మరిచిపోతే కుట్టేటప్పుడు ఒక అంచు ముందుకు పోయి తొడుగు మెలిపడుతుంది.

కోత కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు. పశువు వెన్ను వెంట తోలు తక్కువ సాగుతుంది, పొట్ట వైపు బాగా సాగుతుంది. ముక్కలన్నీ ఒకే దిశలో, పొట్ట భాగం వదిలేసి కోయాలి.

అపోహ: తోలును గుచ్చి బిగించి లాగడమే చేతికుట్టు పనితనం

కంపెనీ స్టీరింగ్‌ను దగ్గరగా చూస్తే చేతికుట్టు దారం తోలును గుచ్చుకుని లేదని తెలుస్తుంది. కుట్టడానికి ముందే ప్రతి ముక్క అంచు వెంట మిషన్‌తో ఒక వరస కుట్టు వేసి ఉంటుంది. చేతిదారం ఆ మిషన్ కుట్టు కిందుగా దూరి, ఎదుటి అంచు కుట్టు కిందుగా వచ్చి, రెండు అంచులనూ దగ్గరికి లాగుతుంది. లాగుడు బరువు తోలు బెజ్జం మీద కాకుండా అంచంతా పరుచుకున్న దారం మీద పడుతుంది. అందుకే మొద్దుమొన సూది చాలు. మిషన్ కుట్టు లేకుండా నేరుగా బెజ్జాలు పొడిచి లాగితే కొన్నాళ్లకు అవి సాగి, ఒకదానిలోకొకటి కలిసిపోతాయి.

కుట్లు ఎంత దగ్గరైతే అంత గట్టి అనేదీ ఇలాంటిదే. మరీ దగ్గర బెజ్జాలు తోలును తపాలా బిళ్లల అంచులా చేస్తాయి, సరిగ్గా అక్కడే చిరుగుతుంది. సీటు కుట్లకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరం సబబు. నూలుదారం సంప్రదాయమే అయినా చెమటకు కుళ్లుతుంది. నైలాన్ బలమైనదే, ఎండకు మాత్రం పాలియెస్టర్ కన్నా ముందే బలహీనపడుతుంది. మైనం పట్టించిన పాలియెస్టర్ దారమే స్టీరింగ్‌కు మేలు.

అపోహ: జిగురు ఎంత పూస్తే అంత పట్టు

తెల్లటి చెక్కపని ఫెవికాల్ ఇక్కడ పనికిరాదు. అది వేడికి మెత్తబడుతుంది, తేమకు వదులుతుంది. రెగ్జిన్, ఫోమ్ పనుల్లో వాడే ఎస్‌ఆర్ 998 లాంటి సింథటిక్ రబ్బరు జిగురు కావాలి. దాన్ని రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటనంత ఆరాక అదమాలి. తడి మీద అతికిస్తే ద్రావకం లోపలే చిక్కుకుని ఎండలో బుడగలు లేస్తాయి. దాని ఆవిరి మండే గుణం కలది కాబట్టి కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా పనిచేయాలి. నిజానికి స్టీరింగ్‌ను పట్టి ఉంచేది కుట్టు బిగువే. జిగురు అవసరమయ్యేది స్టీరింగ్ ఊచల (స్పోకుల) దగ్గర అంచులను గాడిలోకి దోపేచోట. తోలును నీళ్లలో నానబెట్టి, హీట్ గన్‌తో ఆరబెట్టి బిగించే చిట్కా వద్దు, అలా ఆరిన తోలు అట్టలా అవుతుంది. వెనకవైపు కాస్త తడిచేత్తో రాస్తే సరిపోతుంది.

అపోహ: కొత్త లెదర్ వేస్తే కొత్త సీటే

డ్రైవరు సీటు కుడి అంచు చిరగడానికి సగం కారణం కింద ఫోమ్ నలిగిపోవడం. దాన్ని అలాగే ఉంచి పైన ఎంత మంచి తోలు వేసినా కొన్ని నెలల్లో అదే చోట ముడత పడుతుంది, ఆ ముడతే మళ్లీ చిరుగు. కవరు విప్పాక ఫోమ్‌ను చేత్తో నొక్కి చూసి, పోయినచోట కొత్త ముక్క అతికించి చెక్కాలి. కవరును ఫోమ్‌కు పట్టి ఉంచే లోహపు రింగులను కత్తిరించి తీసేయాలి. లాగితే ఫోమ్ ఊడివస్తుంది. చిరిగిన ఒక్క ముక్కనే కుట్టు విప్పి మార్చవచ్చు, సీటంతా మార్చక్కర్లేదు. కాకపోతే ఎండకు వెలిసిన పాత రంగుతో కొత్త ముక్క కలవదు, దానికి రంగు వేయాలి.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ ఎక్కడో లోపల ఉంటుంది, పై తోలుతో దానికేం పని

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2021 చివరికల్లా అన్ని మోడళ్లకూ తప్పనిసరైంది. ప్రయాణికుడి బ్యాగు ఉండేది డాష్‌బోర్డు లోపల. ఉబ్బినప్పుడు చీలి దారి ఇచ్చేలా కంపెనీ ఆ భాగాన్ని లోపలినుంచి పల్చగా గీసి పెడుతుంది, ఆ గీత పైకి కనిపించదు. దానిమీద మామూలు తోలు అతికించడం బ్యాగు దారికి అడ్డం కట్టడమే. తెరుచుకోవడం ఆలస్యం కావచ్చు, పక్కకు తిరగనూ వచ్చు. బ్యాగు ఉబ్బడానికి పట్టే కాలమే సెకనులో ఇరవయ్యో వంతు, ఆలస్యానికి అక్కడ చోటు లేదు. తోలు డాష్‌బోర్డుతో వచ్చే కార్లలో ఆ తోలును కూడా కంపెనీలోనే లోపలినుంచి బలహీనపరుస్తారు. ఆ పని చేత్తో కుదరదు. స్టీరింగ్ మధ్య మూతకూ, డాష్‌బోర్డులో ఆ భాగానికీ తొడుగు వేయకూడదు.

సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే ఆ వైపు కుట్టు ప్రత్యేకమైనది. లోపలి వత్తిడికి తెగేలా తక్కువ బలం ఉన్న దారంతో వేస్తారు. గట్టి దారంతో మళ్లీ కుట్టినా, పైన బిగుతు సీటుకవరు తొడిగినా ఫలితం ఒకటే.

స్టీరింగ్ విప్పాలన్నా ఎయిర్‌బ్యాగ్ తీయక తప్పదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసినంతమాత్రాన వ్యవస్థ చల్లబడదు. కెపాసిటర్లలో చార్జి కొంతసేపు మిగులుతుంది. ఎంతసేపు ఆగాలో ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. విప్పిన బ్యాగును మూత పైకి ఉండేలా పెట్టాలి. మల్టీమీటరుతో దాని వైర్లను పరీక్షించకూడదు. ఇవి తెలియకపోతే ఆ ఒక్క పనీ సర్వీసు సెంటర్‌లో చేయించుకుని, కుట్టుపని ఇంట్లో పెట్టుకోవడం నయం.

అపోహ: కొత్త తోలుకు వారంవారం పాలిష్ పెట్టాలి

మెరుపు పాలిష్‌లు స్టీరింగ్‌ను జారుడుగా చేస్తాయి, అది ప్రమాదం కూడా. చెమట, మురికి పేరుకోకుండా నెలకో రెండు నెలలకో తడిగుడ్డతో, కొద్దిగా లెదర్ క్లీనర్‌తో తుడిచి ఆరబెడితే చాలు. కొత్త జీన్స్ నీలం లేతరంగు సీట్లకు అంటితే రోజుల్లోనే తుడవాలి, వారాలు గడిస్తే పూతలోకి దిగిపోతుంది. నిలిపినప్పుడు ముందు అద్దానికి సన్‌షేడ్ పెడితే క్రీములన్నిటికన్నా ఎక్కువ మేలు. కొత్త తొడుగును కాపాడాలని దాని మీద మళ్లీ జారుడు స్టీరింగ్ కవరు తొడిగేవాళ్లున్నారు. కింద చిక్కిన చెమట, ఇసుక కలిసి కొత్త తోలును అరగదీస్తాయి, మలుపులో కవరు చేతిలో తిరిగిపోతుంది.