బేళ్ళ ప్రెస్సుకు మేత ఎంత?

సంతలో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా గమనించారా? పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. తరువాత తప్పకుండా అడుగుతాడు: "మేత ఎంత తింటుంది?" ధర ఒక్కసారి ఇచ్చేది, మేత రోజూ పెట్టేది. యంత్రాలకూ లెక్క ఇదే. కాని యంత్రం కొనేవాళ్ళు చాలామంది ఆ ప్రశ్న వెయ్యరు.

కోయిలకుంట్ల చుట్టూ ఉన్నవి నల్లరేగడి నేలలు. ఇక్కడా, నంద్యాల వైపునా పండే పత్తిని పూర్వం వర్తకులు 'నార్దరన్స్' అనేవారు. పత్తిలోంచి గింజ తీసేశాక మిగిలిన దూదిని అలాగే లారీకెక్కిస్తే లారీ నిండుతుంది గాని బరువు తూగదు. అందుకే మిల్లుల్లో దాన్ని అణచి, ఒక్కొక్కటి సుమారు 170 కిలోలుండే బేళ్ళుగా కడతారు. అణచేది హైడ్రాలిక్ ప్రెస్సు. దాని ప్రక్కనే నూనెతొట్టి, మోటారు, పంపు, వాల్వులు, వడపోత అన్నీ ఒకే చట్రంలో బిగించి ఉంటాయి. దాన్నే హైడ్రాలిక్ పవర్ యూనిట్ అంటారు.

పాస్కల్ నియమం మీకు తెలిసిందే. ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుంది. పంపు చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనం ఇస్తోందనుకుందాం. ముషలకం వ్యాసం 30 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. గుణించండి. దాదాపు 106 టన్నుల బలం!

ఈ సూత్రం మీద పనిచేసే ప్రెస్సుకు ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందాడు. ముషలకం చుట్టూ ద్రవం కారిపోకుండా ఆపడమే ఆయనకు పెద్ద చిక్కయింది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దీనికి తోలు పట్టీతో ఉపాయం చూపాడంటారు. లోపల పీడనం పెరిగినకొద్దీ ఆ తోలు ఇంకా బిగిసి అంటుకుంటుంది. ఇప్పుడు తోలు బదులు రబ్బరు, ప్లాస్టిక్కు సీళ్ళు వచ్చాయి. చిక్కు మాత్రం పూర్తిగా పోలేదు, కాసేపట్లో చూద్దాం.

ముందు మేత సంగతి. ఒక యూనిట్ ధర 5 లక్షలనుకోండి. సగటున 15 కిలోవాట్ల కరెంటు తీసుకుంటూ, రోజుకు 10 గంటల చొప్పున, ఏడాదిలో పత్తి వచ్చే 150 రోజులు నడుస్తుందనుకోండి. 22,500 యూనిట్ల కరెంటు అవుతుంది. యూనిట్ 8 రూపాయలైతే ఏడాదికి 1,80,000 రూపాయలు. పదేళ్ళకు 18 లక్షలు! కొన్న ధరకు మూడున్నర రెట్లు పైమాటే. ఈ అంకెలు మనం ఊహించుకున్నవే. మీ దగ్గరి మిల్లు అంకెలు తెలిస్తే అవి వేసుకొని చూడండి.

ఈ కరెంటంతా దూదిని అణచడానికే పోతుందా? లేదు. బేలును కట్టేంతవరకు అణచిపెట్టి ఉంచాలి గదా! ఆ సమయంలో కొన్ని యంత్రాల్లో పంపు ఆగదు. నూనె పోవడానికి చోటుండదు. అప్పుడు రిలీఫ్ వాల్వు తెరుచుకొని నూనె తిరిగి తొట్టిలో పడుతుంది. పని ఏమీ జరగలేదు కనుక ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. డబ్బు పెట్టి నూనె కాస్తున్నామన్నమాట!

వేడెక్కిన నూనె పలచబడుతుంది, పంపు లోపలే వెనక్కు జారిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే నూనె పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. సీళ్ళూ గట్టిపడి పగులుతాయి. ఎండలు 40 డిగ్రీలు దాటే మన వైపు ఇది చిన్న విషయం కాదు.

దీనికొక మంచి ఉపాయముంది. గుప్పెడు దూదిని పిసికి చూడండి. మొదట సులభంగా అణుగుతుంది, చివర్లో మొండికేస్తుంది. ప్రెస్సులోనూ అంతే. అందుకని కొన్ని యూనిట్లలో రెండు పంపులు పెడతారు. మొదట పెద్దది తక్కువ పీడనంతో ఎక్కువ నూనె తోస్తుంది. చివర్లో చిన్నది ఎక్కువ పీడనంతో కొంచెం నూనె తోస్తుంది. కావలసిన సామర్థ్యం పీడనాన్నీ, నిమిషానికి పారే నూనెనూ గుణిస్తే వస్తుంది కనుక ఇలా ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గితే మోటారుకు భారం తగ్గుతుంది. అలాంటి యూనిట్‌కు లక్షన్నర ఎక్కువ పెట్టామనుకుందాం. సగటున 4 కిలోవాట్లు ఆదా అయితే, పై లెక్క ప్రకారమే ఏడాదికి 48,000 రూపాయలు మిగులుతాయి. మూడేళ్ళు దాటి కొద్ది కాలానికే అదనపు ధర తిరిగి వచ్చేస్తుంది.

ఇక బ్రామా చిక్కు. ఒక జాయింటు దగ్గర సెకనుకు ఒక చుక్క నూనె కారుతోంది. "చుక్కేగా!" అని ఊరుకుంటారు. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున 10 గంటలకు 1.8 లీటర్లు. 150 రోజులకు 270 లీటర్లు! అరిగిన సీలు ధర ఆ నూనె ధరకు ఏ మూలకూ రాదు.

కంటికి కనిపించని శత్రువు దుమ్ము. పంపు లోపలి భాగాల మధ్య సందులు కొన్ని మైక్రాన్లే ఉంటాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రేగడి ధూళి, దూది నుసి ఎగిరే మిల్లులో తొట్టి మూత తెరిచి ఉంచితే ఏమవుతుందో చెప్పాలా? నూనెలో కలిసిన ధూళి ఆకురాయిలా పంపును అరగదీస్తుంది. వడపోతను మార్చకుండా మిగుల్చుకున్న కొద్ది డబ్బు కొత్త పంపుకింద పోతుంది.

పంపు పాడైతే దాని ధర ఒక్కటే కాదు నష్టం. పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో ప్రెస్సు నాలుగు రోజులు ఆగితే దూది గుట్టలు పేరుకుంటాయి. మిల్లు కొత్త పత్తి దింపుకోదు. బయట ట్రాక్టర్లు వరుస కడతాయి. అప్పు తీర్చడానికి పత్తి తెచ్చిన రైతు బాడుగ కట్టుకుంటూ, ధర పడిపోతుందేమోనని దిగులుపడుతూ కూర్చుంటాడు. ఈ పద్దు ఏ కంపెనీ ధరల పట్టీలోనూ కనిపించదు.

మిల్లు చూసే అవకాశం వస్తే పెద్దల అనుమతితో వెళ్ళండి. యూనిట్ కింద నేల తడిగా ఉందా, తొట్టి ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోంది, వడపోత ఎప్పుడు మార్చారు, అడిగి వ్రాసుకోండి. నూనె చిమ్ముతున్నచోట మాత్రం వేలు పెట్టవద్దు. అంత పీడనంతో వచ్చే సన్నని ధార చర్మంలోకి సూదిలా దిగగలదు. మెకానిక్కులు కూడా దూరంనుంచి అట్టముక్క అడ్డుపెట్టే చూస్తారు.