సైకిల్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు: ద్రవం ఎంపికలో రబ్బరు సీళ్ల పాత్ర

వ్యాస సంగ్రహం:
హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిళ్లలో రెండు భిన్న రసాయన కుటుంబాలకు చెందిన ద్రవాలు వాడుకలో ఉన్నాయి. తెలుగు వ్యవహారంలో ఈ రెండింటినీ ‘బ్రేక్ ఆయిల్’ అనే ఒకే పేరుతో పిలవడం వల్ల ఒకదానికి బదులు మరొకటి పోసే ప్రమాదం ఏర్పడుతోంది. ద్రవం ఎంపికను ముందుగా నిర్ణయించేది బ్రేకులోని రబ్బరు సీళ్లేననీ, మరుగు స్థానం వంటి అంకెలకు ఆ తరువాతి స్థానమేననీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: హైడ్రాలిక్ బ్రేకు, గ్లైకాల్ ద్రవం, ఖనిజ నూనె, సీలు, మరుగు స్థానం, తేమ.

1. ప్రవేశిక:
మోటారు సైకిళ్లు, కార్లు బాగుచేసే దుకాణాలలో ‘బ్రేక్ ఆయిల్’ నిత్యం వినిపించే మాట. అయితే ఆ సీసాలో సాధారణంగా ఉండేది నూనె కాదు. అది ప్రధానంగా గ్లైకాల్ ఈథర్లతో తయారైన ద్రవం. నూనె నీటితో కలవదు. ఈ ద్రవం కలుస్తుంది. షిమానో, మగురా, టెక్ట్రో సంస్థల సైకిల్ బ్రేకులలో ఉండేది మాత్రం నిజంగానే ఖనిజ నూనె. పేరు ఒకటే కావడంతో, సైకిల్ బ్రేకు మెత్తబడినప్పుడు మోటారు సైకిల్ సీసాలోని ద్రవాన్నే అందులోనూ పోయవచ్చునని అనుకోవడం సహజం. ఈ పొరపాటు ఫలితం వెంటనే బయటపడకపోవచ్చు. కొంతకాలానికి బ్రేకు పట్టు తప్పుతుంది.

2. ద్రవం నిర్వహించే పని:
హైడ్రాలిక్ బ్రేకు పాస్కల్ నియమంపై ఆధారపడి పనిచేస్తుంది. హ్యాండిల్ దగ్గరి లీవరును నొక్కినప్పుడు చిన్న పిస్టన్ ద్రవంపై ఒత్తిడి కలిగిస్తుంది. ఆ ఒత్తిడి గొట్టం ద్వారా చక్రం దగ్గరి కాలిపర్‌కు చేరి, పెద్ద పిస్టన్లను కదిలించి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ద్రవం దాదాపు సంపీడనం చెందదు కాబట్టే ఇది సాధ్యం. ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడితే లీవరు కదలిక వాటిని నొక్కడానికే ఖర్చయిపోతుంది. లీవరు హ్యాండిల్‌ను తాకినా చక్రం ఆగదు.

ఆవిరి ఏర్పడేంత వేడి సైకిల్‌లో పుడుతుందా అనే సందేహం రావచ్చు. మనిషి, సైకిల్ కలిసి 100 కిలోల బరువుండి, 500 మీటర్ల ఎత్తు నుండి దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి సుమారు 490 కిలోజౌళ్లు. 22 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ఒకటిన్నర లీటర్ల నీటిని 100 డిగ్రీలకు చేర్చడానికి ఇది సరిపోతుంది. ఇందులో కొంత గాలి నిరోధానికి పోతుంది. బ్రేకు పట్టుకునే దిగితే మిగిలినదానిలో అధిక భాగాన్ని రెండు పలుచని డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్లు భరించాలి. బ్రేకులోని ద్రవం పరిమాణం చాలా స్వల్పం కనుక అది త్వరగా వేడెక్కుతుంది.

3. సీళ్లు – ఎంపికకు మూలం:
పిస్టన్ చుట్టూ ద్రవం కారకుండా ఆపే రబ్బరు వలయమే సీలు. గ్లైకాల్ ద్రవం వాడే బ్రేకులలో సాధారణంగా ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు సీళ్లు, ఖనిజ నూనె వాడే బ్రేకులలో నైట్రైల్ రబ్బరు సీళ్లు ఉంటాయి. ఇ.పి.డి.ఎం. అధ్రువ స్వభావం గలది. అధ్రువమైన ఖనిజ నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది. నైట్రైల్‌కు ధ్రువ స్వభావం ఉంది. గ్లైకాల్ ఈథర్లు దానిని దెబ్బతీస్తాయి. ఉబ్బిన సీలు పిస్టన్‌ను వెనక్కి రానివ్వదు. పాడైన సీలు ద్రవాన్ని ఆపలేదు.

మోటారు వాహనాల చరిత్ర కూడా ఈ విషయాన్ని బలపరుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన సిత్రోయెన్ సంస్థ 1960ల ద్వితీయార్ధంలో తన డి.ఎస్. కార్లలో తేమను పీల్చే పాత ద్రవానికి బదులు ఎల్.హెచ్.ఎం. అనే ఆకుపచ్చని ఖనిజ నూనెను ప్రవేశపెట్టింది. అప్పుడు సీళ్లను కూడా మార్చవలసి వచ్చింది. రెండూ కలిసిపోకుండా కొత్త వ్యవస్థలోని భాగాలకు ఆకుపచ్చ రంగు వేశారు. ద్రవాన్ని మార్చడమంటే వ్యవస్థను మార్చడమేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

4. అంకెల అర్థం:
గ్లైకాల్ ద్రవాల సీసాలపై ‘డాట్’ అనే గుర్తు ఉంటుంది. ఇది అమెరికా రవాణా శాఖ పేరుకు సంక్షిప్త రూపం. ఆ దేశపు 116వ సంఖ్య ప్రమాణం ప్రకారం ఉండవలసిన కనీస మరుగు స్థానాలు (డిగ్రీల సెల్సియస్‌లో) ఇవి:

డాట్ 3 – పొడిగా 205, తడిగా 140
డాట్ 4 – పొడిగా 230, తడిగా 155
డాట్ 5, డాట్ 5.1 – పొడిగా 260, తడిగా 180

‘తడి’ అంటే సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితి. ఇక్కడ సంఖ్యల వరుస తప్పుదోవ పట్టిస్తుంది. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ కుటుంబానివి. డాట్ 5 మాత్రం సిలికోన్ ద్రవం. అది గ్లైకాల్ ద్రవాలతో కలవదు. కనుక 5.1ని 5కు మెరుగుపరచిన రూపంగా భావించరాదు. సైకిల్ బ్రేకుల ఖనిజ నూనెలకు ఇటువంటి ఉమ్మడి ప్రమాణం లేదు. ప్రతి తయారీదారు తన నూనెనే సూచిస్తాడు. రంగు కూడా నమ్మదగిన ఆధారం కాదు. షిమానో నూనె ఎరుపు, మగురా నూనె నీలం. రెండూ ఖనిజ నూనెలే.

5. నీటి ప్రభావం:
గ్లైకాల్ ద్రవం గొట్టాలు, సీళ్ల గుండా కూడా తేమను క్రమంగా గ్రహిస్తుంది. ఆ నీరు ద్రవమంతటా కరిగి ఉండటం వల్ల మరుగు స్థానం మెల్లమెల్లగా పడిపోతుంది. పై అంకెల ప్రకారం డాట్ 4లో ఈ తగ్గుదల 75 డిగ్రీలు. అందువల్ల దానిని నియమిత కాలానికి, సాధారణంగా ఏడాదికొకసారి, మార్చడం ఆనవాయితీ. మూత తీసిన సీసాను దీర్ఘకాలం నిల్వ ఉంచరాదు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఖనిజ నూనె నీటిని గ్రహించదు. అయితే ఇది పూర్తిగా లాభమే కాదు. లోపలికి ఎలాగో చేరిన నీటి చుక్క నూనెలో కరగక, నూనె కంటే బరువైనది కాబట్టి దిగువకు చేరుతుంది. సైకిల్‌లో లీవరు కంటే కాలిపర్ దిగువన ఉంటుంది; అత్యధికంగా వేడెక్కేదీ అదే. అక్కడ ఆ చుక్క 100 డిగ్రీల చేరువలోనే ఆవిరి కాగలదు. గ్లైకాల్ ద్రవం క్రమంగా బలహీనపడితే, నీరు చేరిన ఖనిజ నూనె హఠాత్తుగా విఫలం కావచ్చు.

నిర్వహణలో మరొక భేదం ఉంది. గ్లైకాల్ ద్రవం రంగుపూతను పాడుచేస్తుంది, చర్మానికి మంట కలిగిస్తుంది. ఖనిజ నూనెతో ఈ ఇబ్బంది తక్కువ. ప్యాడ్లపై పడితే మాత్రం రెండూ హానికరమే.

6. ఎంపిక క్రమం:
మొదట లీవరుపై ముద్రించిన సూచననూ, తయారీదారు పుస్తకాన్నీ చూడాలి. సంస్థ పేరు ఒక్కటే చాలదు. చాలాకాలం డాట్ ద్రవాలనే వాడిన స్రామ్ సంస్థ 2022లో డి.బి.8, 2024లో మేవెన్ బ్రేకులను ఖనిజ నూనెతో విడుదల చేసింది. కనుక నమూనా పేరు కూడా తెలియాలి. కుటుంబం నిర్ధారణ అయిన తరువాతే తరగతి ఎంపిక. డాట్ 4 లేదా 5.1 అనుమతించిన బ్రేకుకు డాట్ 3 పోయడం వేడిని తట్టుకునే శక్తిని తగ్గించుకోవడమే. ద్రవం నింపే సిరంజీలలోనూ రబ్బరు భాగాలుంటాయి కాబట్టి రెండు కుటుంబాలకు వేర్వేరు సిరంజీలు ఉంచుకోవాలి. ఒకవేళ తప్పు ద్రవం పోసి ఉంటే దానిని తీసివేసి కడిగినంత మాత్రాన సరిపోదు. సీళ్లను, అవి విడిగా దొరకనప్పుడు లీవరునూ కాలిపర్‌నూ మార్చేవరకు ఆ సైకిల్‌ను నడపరాదు.

7. ముగింపు:
‘ఏ ద్రవం మేలైనది?’ అనే ప్రశ్న కంటే ‘ఈ సీలు ఏ ద్రవాన్ని తట్టుకుంటుంది?’ అనే ప్రశ్న ముందు రావాలి. కుటుంబాన్ని బ్రేకు రూపకర్త ముందే నిర్ణయించాడు. వాడుకరికి మిగిలేవి అనుమతించిన తరగతులలో తగినదాన్ని ఎంచుకోవడం, సకాలంలో మార్చడం. సాంకేతిక బోధనలోనూ, మరమ్మతు శిక్షణలోనూ ‘బ్రేక్ ఆయిల్’ అనే ఉమ్మడి మాటకు బదులు ‘గ్లైకాల్ ద్రవం’, ‘ఖనిజ నూనె’ అనే రెండు పేర్లను స్థిరపరచడం అవసరం. ఇక్కడ పరిభాషలోని స్పష్టత నేరుగా ప్రాణరక్షణకు సంబంధించినది.