సైజు రాలేదు, బలం మాత్రం వచ్చింది: ఎట్లా?

ఈ వారం ఒకే ఒక్క ప్రశ్న తీసుకున్నా. శంషాబాద్ నుంచి ఒక తమ్ముడు పంపాడు. ఎయిర్‌పోర్ట్ కార్గోలో లోడింగ్ పని. ఉన్నది ఉన్నట్టు చదువుతా.

"అన్నా, జిమ్‌లో చేరి మూడు నెలలైంది. స్క్వాట్ 40 కిలోల నుంచి 75కి, బెంచ్ ప్రెస్ 30 నుంచి 45కి వచ్చింది. కానీ టేపు పెడితే చెయ్యి సైజు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కండ లేకుండా వచ్చిన బలం నిలబడదు, ఇంజెక్షన్ తీస్కో అంటున్నాడు ఇక్కడ ఒకాయన. తీస్కోవాలా?"

వద్దు తమ్ముడూ. ముందు ఆ మాట అనేశా, ఎందుకో నిదానంగా చెప్తా. ఇంకోటి, స్క్వాట్‌లో 35 కిలోలు పెంచి చెయ్యి కొలిస్తే ఎట్లా చెప్పు? కొలవాల్సింది తొడ కదా!

సరే, ఆ 35 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? కండ అంటే వేల ఫైబర్ల కట్ట. ఒక్కో నరం కొన్ని ఫైబర్లను కలిపి నడిపిస్తుంది. ఆ జట్టుని మోటార్ యూనిట్ అంటారు. చిన్న పనికి చిన్న యూనిట్లే లేస్తాయి. బరువు పెరిగేకొద్దీ పెద్దవి లేస్తాయి. కొత్తగా చేరినవాడికి ఆ పెద్దవాటిని పూర్తిగా, వేగంగా వాడుకోవడం రాదు. పైగా బార్ భుజాల మీద పెట్టగానే ఒళ్ళంతా బిగదీసుకుంటాడు, ఒక కండ తోస్తుంటే దాని ఎదురు కండ వెనక్కి లాగుతుంటుంది. నాలుగు వారాలు ప్రాక్టీసు చేస్తే ఇదంతా సర్దుకుంటుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే మెషీన్ అదే, డ్రైవర్లు అప్‌డేట్ అయ్యాయన్నమాట.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు ఒకటుంది. 1894లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ అనే ఆయన ఒక్క చేతికే ప్రాక్టీసు ఇప్పించి చూశాడు. ఏ పనీ చేయని రెండో చెయ్యి కూడా బలపడింది! దానికి కండ ఎక్కడ పెరిగింది? పెరగలేదు. పాఠం నేర్చుకున్నది నరాల వ్యవస్థ. తర్వాత 1979లో మోరిటాని, డివ్రీస్ అనే ఇద్దరు 8 వారాల ట్రైనింగ్ మీద లెక్క తీశారు. మొదటి వారాల్లో వచ్చిన బలంలో ఎక్కువ వాటా నరాలదే, ఆ తర్వాత కండ వాటా పెరుగుతూ వచ్చింది. అంటే మన తమ్ముడికి అసలు కండ కట్టే టైమ్ ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇప్పుడు తొందరపెడుతున్నారు ఆయన్ని.

అయితే కండతో పనే లేదా? అదీ కాదు. మన శ్రీకాకుళం ఆముదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి గారినే చూడండి. 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆమె కేటగిరీ 54 కిలోలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి 69 కిలోలు. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అన్నేళ్ళు లిఫ్టింగ్ చేసిన మనిషికి నరాలు నేర్చుకోవాల్సింది చాలావరకు నేర్చేసుకుంటాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళాలంటే ఒళ్ళు కావాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో కేటగిరీలు పెట్టిందే అందుకు.

కానీ అదే పోటీలో ఇంకో సంగతి చూడండి. స్వర్ణం, రజతం ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయి లిన్ వీనింగ్‌కి స్వర్ణం ఇచ్చారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 పెట్టించారు, అది లేచి ఉంటే స్వర్ణం మనదే. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ఇక టోక్యోలో 49 కిలోల కేటగిరీలో మీరాబాయి చాను 115 కిలోలు తల మీదికి లేపింది. మన జిమ్‌లో 90 కిలోల బాహుబలుల్ని ఆ బరువు అట్లా లేపమనండి చూద్దాం.

2017లో వచ్చిన ఇంకో స్టడీ కూడా తమాషాగా ఉంటుంది. కొత్తవాళ్ళని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపు రోజుకి ఐదుసార్లకు మించకుండా, ఒక్కసారికి ఎంత లేపగలరో అంత లేపడమే. రెండో గ్రూపు మామూలుగా 8 నుంచి 12 రెప్స్ చొప్పున నాలుగు సెట్లు. ఎనిమిది వారాలకి కండ పెరిగింది రెండో గ్రూపుకే. గరిష్ఠ బరువు మాత్రం రెండు గ్రూపులకీ ఇంచుమించు ఒకేలా పెరిగింది. దీన్ని పట్టుకుని "బలానికీ కండకీ సంబంధమే లేదు" అనే పరిశోధకులూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోనివాళ్ళ వైపు. ఎనిమిది వారాల కొత్తవాళ్ళని చూసి ఎనిమిదేళ్ళ సంగతి చెప్పలేం.

ఇప్పుడు ఇంజెక్షన్. హైదరాబాద్ జిమ్ముల చుట్టూ దొరికి పోలీసు కేసులైన మందు పేరు మెఫెంటెర్మిన్. ఆపరేషన్ టైమ్‌లో బీపీ పడిపోతే డాక్టర్లు వాడేది. అది కండ పెంచదు! బీపీ, గుండె వేగం పెంచి ఊపు వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. ఎండలో షిఫ్టు చేసే మనిషికి అది ప్రాణాల మీదికి వస్తుంది. ఇక స్టెరాయిడ్లు నిజంగానే కండ పెంచుతాయి. కానీ ఒంట్లో సొంత టెస్టోస్టెరాన్ తయారీ పడిపోతుంది, వీర్యకణాలు తగ్గుతాయి, గుండె మీద భారం. పైగా కండ పెరిగినంత వేగంగా దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్ గట్టిపడదు.

తమ్ముడూ, నువ్వు చేయాల్సింది ఇది. స్క్వాట్, బెంచ్ మానొద్దు, మొదటి ఒకటి రెండు సెట్లు బరువెక్కువ, నాలుగైదు రెప్స్. ఆ తర్వాత బరువు తగ్గించి 8 నుంచి 12 రెప్స్, ఇంక రెండు లేపగలను అనిపించినప్పుడు ఆపెయ్. చెయ్యి సైజు కావాలంటే చేతికి విడిగా పని పెట్టు, రోయింగ్, కర్ల్స్. ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ చూసుకో. గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్, ఏది అందితే అది. డెడ్‌లిఫ్ట్ కూడా నేర్చుకో. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఒక్క బ్యాగు 32 కిలోలు దాటకూడదు, ఆ రూల్ పెట్టిందే లేపేవాళ్ళ నడుము కోసం. షిఫ్టులో బాగా లోడింగ్ పడిన రోజు కాళ్ళ ఎక్సర్‌సైజ్ వదిలేసి పడుకో, పర్లేదు. ఆరు వారాల తర్వాత టేపు పెట్టు. ఈసారి తొడకి కూడా. పొద్దున్నే, షిఫ్టుకి ముందు, ప్రతిసారీ అదే చోట. నంబర్లు నాకు పంపు, ఇక్కడే చదువుతా.